లారీ బయల్దేరకముందే చెప్పండి

పాఠకుల ప్రశ్నలు – ప్రయాణాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం గురించే. జులై నుంచి అక్టోబరు దాకా వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు టాంజానియా వైపు నుంచి మారా నది దాటి వచ్చే కాలం కదా, మనవాళ్లు చాలామంది అప్పుడే వెళ్లాలనుకుంటారు. అందుకని ఈసారి శీర్షికంతా దానికే ఇచ్చాను. మావారి ఉద్యోగం వల్ల నైరోబీలో ఉన్న రోజుల్లో నేను ఒక టెంటెడ్ క్యాంపు వాళ్ల బుకింగ్ ఆఫీసులో పనిచేశాను. రాబోయే అతిథుల ఉత్తరాలు చదివి, ఎవరికేం కావాలో జాబితా రాసి క్యాంపుకి పంపడమే నా పని. ఈ జవాబులన్నీ ఆ బల్ల దగ్గర నేర్చుకున్నవే.

*

ప్ర: మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. ఆగస్టులో మసాయి మారాలో లగ్జరీ టెంట్లు 4 రాత్రులకి మా పేరున బుక్ చేసేశాడు. నేను, మావారు, 76 ఏళ్ల మా అత్తగారు వెళ్లాలి. మేం శాకాహారులం. గుడ్డు వండిన గిన్నె కూడా మా అత్తగారు ముట్టరు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మావారు ఇన్సులిన్ తీసుకుంటారు. అంత డబ్బు పోసి గుడ్డ డేరాలో పడుకోవడమేమిటో నాకు బోధపడటం లేదు. రాత్రిపూట బాత్రూముకి బయటికి వెళ్లాలా? జంతువులు లోపలికి వస్తే ఏం చెయ్యాలి? ఏమేం సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: ముందు బాత్రూము సంగతి చెప్పేస్తాను, మీ మనసు కుదుటపడుతుంది. బయటికి వెళ్లక్కర్లేదు. చెక్క వేదిక మీద మందపాటి కాన్వాసుతో కట్టిన పెద్ద గది అది. లోపల మంచాలు, అల్మరా, కుర్చీలు ఉంటాయి. తలవైపు గోడ వెనకాల ఫ్లష్ ఉన్న టాయిలెట్, వాష్‌బేసిన్, షవరు. తలుపుండాల్సిన చోట జిప్పు. కొన్ని క్యాంపుల్లో షవరుకి పైపు ఉండదు. ఎన్నింటికి స్నానం చేస్తారో చెబితే ఆ వేళకి వేడినీళ్లు తెచ్చి టెంటు వెనక ఎత్తున కట్టిన బకెట్టులో పోస్తారు, ఆ నీళ్లు అయిపోయేలోపు స్నానం ముగియాలి. తలంటుకునే రోజున ఇంకో బకెట్టు కావాలని పొద్దున్నే చెప్పాలి. మీ అత్తగారికి నిలబడి పోసుకోవడం కష్టమైతే ఒక స్టూలు, బకెట్టు, చెంబు కావాలని ముందే రాయండి. తప్పకుండా పెడతారు.

అసలు తయారీ అంతా ఈ ముందే రాయడంలోనే ఉందండీ. క్యాంపు దరిదాపుల్లో మనం అనుకునే దుకాణం ఒక్కటీ ఉండదు. కూరగాయలు, పప్పులు, పాలపొడి, గ్యాసు సిలిండర్లు అన్నీ నైరోబీ నుంచి నరోక్ పట్టణం మీదుగా లారీలో రావలసిందే. నైరోబీలో పార్క్‌లాండ్స్ అనే పేటలో భారతీయుల కొట్లు బోలెడు. కందిపప్పు, చింతపండు, ఇంగువ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. కానీ లారీ బయల్దేరిపోయాక మీకు చారు తాగాలనిపిస్తే వంటవాడు ఏం చేయగలడు? క్యాంపువాళ్లు లేదని మొహం మీద చెప్పలేరు, పాపం, ఉన్నవాటితోనే ఏదో ప్రయత్నిస్తారు. అది చూస్తే నాకు బాధగా ఉండేది, ఎందుకంటే రెండు వారాల ముందు ఒక్క ముక్క రాసి ఉంటే అడిగింది అడిగినట్టు బల్ల మీదకి వచ్చేది. పైగా మీ బుకింగ్ మీ అబ్బాయి చేశాడు. మీ పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు తప్ప మీ గురించి క్యాంపుకి ఏమీ తెలియదు. కాబట్టి సూట్‌కేసు దించే ముందు కాగితం, కలం తీయండి. బయల్దేరడానికి కనీసం నెల ముందు, బుక్ చేసిన ఏజెంటు ద్వారా, మీ ముగ్గురి గురించి విడివిడిగా ఒక ఉత్తరం వెళ్లాలి.

అందులో తిండి గురించి వివరంగా రాయండి. శాకాహారులం అని ఒక్క మాట అంటే అక్కడి వంటగదిలో గుడ్డు సరే అనుకునేవాళ్లున్నారు, కోడి ఎముకల నీళ్లతో చేసిన సూపు సరే అనుకునేవాళ్లూ ఉన్నారు. మాంసం, చేప, గుడ్డు వద్దు, వాటి రసం వద్దు, పాలు, పెరుగు, నెయ్యి కావాలి అని వరసగా రాయండి. మీ అత్తగారి కోసం విడిగా ఒక గిన్నె, ఒక గరిటె, ఒక పెనం ఉంచమనండి. ఏకాదశికో మరో రోజుకో ఉల్లి, వెల్లుల్లి తినని నియమం ఉంటే ఆ తేదీలు కూడా రాయండి. ఇలా అడగటానికి మొహమాటపడొద్దు. కెన్యా వంటవాళ్లకి మన తిండి పరాయిది కాదు. 1896 నుంచి మొంబాసా రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి 30 వేలమందికి పైగా కూలీలు వెళ్లారు. తర్వాత వ్యాపారులు వెళ్లారు. చపాతీ, సమోసా, పాలు పోసి కాచిన చాయ్ అక్కడ ఇంటింటి తిండి అయిపోయాయి. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి ఆసియా సంతతివాళ్లని దేశంలో 44వ తెగగా గుర్తించింది కూడా. మెత్తటి చపాతీ, బీన్స్ కూర, సుకుమా వికి అనే ఆకుకూర వేపుడు ఏ క్యాంపులోనైనా చేసిపెడతారు. అన్నం, చారు, పెరుగు మాత్రం మీరు చెప్పాలి. చారు ఎలా పెట్టాలో 4 వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి పంపితే ఇంకా మంచిది. అలా వచ్చిన కాగితాల్ని వంటగది గోడకి అంటించుకునేవాళ్లని నేనెరుగుదును.

మీవారి ఇన్సులిన్ గురించి రెండు సంగతులు. క్యాంపు వంటగదిలో ఫ్రిజ్ ఉంటుంది, అందులో పెట్టే ఏర్పాటు చేయమని రాయండి. ప్రయాణంలో మాత్రం అది చేతిసంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీ జతగా. రెండోది తినే వేళలు. తెల్లవారుజామున లేపి టీ, బిస్కెట్లు ఇస్తారు. ఆరింటికల్లా జీపు బయల్దేరుతుంది. టిఫిన్ ఎక్కడో చెట్టు కింద, తొమ్మిది దాటాకే. రాత్రి భోజనం ఎనిమిదికి. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఈ వేళలు చూపించి డాక్టరుతో మోతాదు మాట్లాడుకోండి. సఫారీ బండిలో ఆయన చేతికందేలా ఒక డబ్బాలో తినడానికి ఏదో ఒకటి ఉండాలని డ్రైవరుకి చెప్పమనండి.

మీ అత్తగారి మోకాళ్ల కోసం మూడు అడగండి. భోజనాల టెంటుకి అతి దగ్గరగా ఉన్న టెంటు, మెట్లు తక్కువున్నది. బండి ఎక్కడానికి ఒక ఎత్తుపీట, ఎందుకంటే ల్యాండ్ క్రూజరు మెట్టు మన నడుము దాకా ఉన్నట్టనిపిస్తుంది. ఇక నైరోబీ నుంచి చిన్న విమానం. రోడ్డు మీద వెళితే 5, 6 గంటలు పడుతుంది, ఆఖర్న దారి గతుకులు. విమానంలో గంటలోపే. మీ ముగ్గురికీ బండి విడిగా తీసుకోగలిగితే తీసుకోండి. వేరేవాళ్లతో కలిసి వెళితే 4 గంటలు బయటే ఉండాలి. విడిగా ఉంటే ఆవిడ ఎప్పుడు చాలంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు. దారిలో టాయిలెట్ అవసరమైతే సిగ్గుపడి బిగబట్టుకోవద్దని కూడా చెప్పండి. టైరు చూడాలి అంటే డ్రైవరుకి అర్థమైపోతుంది. అతను చుట్టూ పరికించి, ఏ జంతువూ లేని చోట బండి ఆపుతాడు.

రాత్రి భయం గురించి అడిగారు. మారాలో చాలా క్యాంపులకి కంచె ఉండదు. హిప్పోలు చీకటి పడ్డాక నది లోంచి గడ్డి మేయడానికి పైకొస్తాయి, ఏనుగులు, అడవి దున్నలు టెంట్ల మధ్య నుంచి నడిచిపోతాయి. ఇది దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే తెలిసి వెళ్లినవాళ్లే హాయిగా నిద్రపోతారు. జిప్పు మూసి ఉన్న టెంటు వాటి కంటికి గోడలాగే కనిపిస్తుంది, మామూలుగా దాని జోలికి రావు. మీరు పాటించాల్సినవి కొన్నే. చీకటి పడ్డాక కాపలా మనిషి లేకుండా టెంటు దాటి అడుగు బయట పెట్టకూడదు. అతన్ని అక్కడ అస్కారీ అంటారు. భోజనానికి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి దింపుతాడు. ఆరుగంటల తర్వాత ఫోను మరిచిపోయానని నాలుగడుగులు వేయడం కూడా కుదరదు. టెంటులో ఈలో, రేడియోనో పెడతారు, మొదటి సాయంత్రమే అది ఎలా వాడాలో అడిగి తెలుసుకోండి. ఇంటి నుంచి తెచ్చిన లడ్డూలు, జంతికలు, పండ్లు ఏవీ టెంటులో ఉంచకండి. కోతులు, బబూన్లు జిప్పు తీయడం నేర్చుకున్నాయి. డబ్బా క్యాంపు ఆఫీసులో ఇస్తే దాచిపెడతారు. సింహం గర్జన 8 కిలోమీటర్ల దాకా వినపడుతుంది కాబట్టి అది వినిపించినంత మాత్రాన పక్కనే ఉందని కాదు. ఇంకొకటి మీ అత్తగారికి తప్పక చెప్పండి: రాత్రి దుప్పట్లోకి కాళ్లు పెట్టగానే మెత్తగా, వెచ్చగా ఏదో తగులుతుంది. వేడినీళ్లు నింపిన రబ్బరు సంచి అది, చలికని పక్కలో పెడతారు. ముందు చెప్పకపోతే కేకలు పెట్టినవాళ్లున్నారు.

అవును, చలి. ఆఫ్రికా అనగానే మనవాళ్లు పల్చటి బట్టలు సర్దుతారు. మారా సముద్రమట్టానికి 1500 మీటర్ల పైన ఉంది. ఆగస్టులో తెల్లవారుజామున పక్కలు తెరిచిన బండిలో కూర్చుంటే అరకులో శీతాకాలం పొద్దున లాగే ఉంటుంది. ముగ్గురికీ స్వెటరు, గాలి ఆపే కోటు, చెవులు కప్పే టోపీ, సాక్సులు ఉండాలి. పదింటికి ఎండెక్కుతుంది, ఒక్కొక్కటీ విప్పుకుంటారు. అందుకని పొరలు పొరలుగా వేసుకునేలా సర్దండి. మీ అత్తగారు నేత చీర కట్టుకున్నా ఏ ఇబ్బందీ లేదు, లోపల వెచ్చటి పైజామా ఉంటే చాలు.

ఇక సామాను. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి వెళ్లే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, చేతిసంచితో కలిపి. గట్టి సూట్‌కేసులు వాటి పొట్టలో పట్టవు, మెత్తటి గుడ్డసంచులే తీసుకెళ్లాలి. పెద్ద పెట్టెలు నైరోబీ హోటల్లో వదిలేయొచ్చు. మీరు విదేశం నుంచి దిగేది జోమో కెన్యాట్టా విమానాశ్రయంలో, విల్సన్ ఊళ్లో ఇంకో వైపు. మధ్యలో నైరోబీ ట్రాఫిక్. రెండు విమానాల మధ్య తగినంత వ్యవధి లేకపోతే ఒక రాత్రి నైరోబీలోనే పడుకోమంటాను. బట్టలు 3 జతలు చాలు, క్యాంపులో ఉతికి ఇస్తారు. లోదుస్తులు మాత్రం చాలాచోట్ల ఉతకరు, అది అక్కడి మర్యాద. బాత్రూములో సబ్బుపొడి పెడతారు, ఎవరివి వారు ఉతుక్కోవాలి.

ఒక్క హెచ్చరిక, ఇది మన ఇళ్లకి సరిగ్గా వర్తిస్తుంది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం. 2020 జూన్ నుంచి అభయారణ్యాల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, గ్లాసులు కూడా నిషేధం. చెప్పులకో కవరు, తడిబట్టలకో కవరు, పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టే అలవాటు మనది. బయల్దేరే ముందు సంచులన్నీ ఒకసారి వెతికి కవర్లు తీసేయండి. గుడ్డసంచులు కుట్టించుకోండి, పొడులు స్టీలు డబ్బాలో పెట్టండి.

*

ప్ర: నాకు 63 ఏళ్లు. ఎల్లో ఫీవర్ టీకా తప్పదంటున్నారు. బీపీ మాత్రలు వేసుకునేవాణ్ణి, వేయించుకోవచ్చా? మలేరియా మాత్రలు కూడా కావాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: మీరు ఎల్లో ఫీవర్ ఉన్న దేశానికి వెళ్లి వస్తున్నారు కాబట్టి తిరిగి రాగానే మన విమానాశ్రయంలో టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపుపచ్చ కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు. ఒకసారి చెల్లుబాటయ్యాక జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్టు తీసుకెళ్లాలి, ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి.

అయితే 60 దాటినవాళ్లు మొదటిసారి ఈ టీకా వేయించుకుంటే తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం కుర్రవాళ్లకంటే కొంచెం ఎక్కువ. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. కాబట్టి విమానం టికెట్లు కొనకముందే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన వద్దంటే మినహాయింపు పత్రం ఇస్తారు. ఆ పత్రాన్ని మన విమానాశ్రయ ఆరోగ్యాధికారులు ఒప్పుకుంటారో లేదో ముందుగానే రాతపూర్వకంగా అడగండి. నిజం చెప్పాలంటే, డాక్టరు గట్టిగా వద్దన్నప్పుడు ఈ ప్రయాణమే మానుకోమంటాను. రాజమహేంద్రవరం అత్తగారి విషయంలోనూ నా మాట ఇదే.

మలేరియా మారాలో ఉంది. మాత్రల్లో రకాలున్నాయి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి, అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే 7 రోజులు. మీ బీపీ మాత్రల పేర్లన్నీ చూపించి ఏది సరిపోతుందో డాక్టరునే తేల్చమనండి. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేయకండి. వచ్చిన కొన్ని నెలల దాకా జ్వరం వస్తే కెన్యా వెళ్లొచ్చానని డాక్టరుకి మొట్టమొదట చెప్పాలి.

బీమా కూడా చూసుకోండి. అడవిలోంచి విమానంలో ఆసుపత్రికి చేర్చే ఖర్చు అందులో ఉండాలి. విల్సన్ విమానాశ్రయం నుంచి నడిచే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ 1957 నుంచి ఈ పని చేస్తున్నారు. మీ క్యాంపు ఈ డాక్టర్ల సేవలకి చందా కట్టిందో లేదో అడగండి.

*

ప్ర: సఫారీ డ్రెస్సు, బూట్లు, టోపీ కలిపి 20 వేలవుతున్నాయి. కొనాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జ: వద్దు. మట్టిరంగు, ఆకుపచ్చ, గోధుమరంగు కాటన్ బట్టలు బీరువాలో ఏవున్నా చాలు. ముదురు నీలం, నలుపు మానేయండి. మనుషుల్ని కుట్టే సేట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, వాటిని పట్టే బోనులు కూడా నీలం, నలుపు గుడ్డతోనే కుడతారు. తెలుపు ఒక్కపూటలో ఎర్రదుమ్ము పట్టిపోతుంది. సైనికుల బట్టల్లాంటి మచ్చల డిజైను వేసుకోకండి. జింబాబ్వే లాంటి దేశాల్లో అది నేరం. మామూలు స్పోర్ట్స్ బూట్లు సరిపోతాయి. మిగిలిన డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనండి, 8x42 అని రాసి ఉన్నది. ఇంటికి ఒకటి కాదు, మనిషికి ఒకటి. చిరుత కొమ్మ మీద కనిపించిన ఆ నిమిషంలో మీ ఆవిడ చేతిలోంచి లాక్కోవలసి రాకూడదు.

*

ప్ర: ఫొటోగ్రఫీ కోసమే వెళ్తున్నాను. పెద్ద లెన్సు, డ్రోను, ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఛార్జింగ్ ఇబ్బందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జ: డ్రోను ఇంట్లో పెట్టేయండి. అనుమతి లేకుండా అక్కడ ఎగరేయడం కుదరదు, విమానాశ్రయంలోనే లాక్కుంటారు. చాలా క్యాంపులు సౌరవిద్యుత్తు మీద నడుస్తాయి. కొన్నిచోట్ల టెంటులో దీపాలు మాత్రమే వెలుగుతాయి, ఛార్జింగ్ భోజనాల టెంటులోనే. హెయిర్ డ్రయర్, కరెంటు కెటిల్ లాంటివి చాలాచోట్ల పనికిరావు. ఒక రోజుకి సరిపడా బ్యాటరీలు అదనంగా ఉంచుకోండి. కెన్యా ప్లగ్గుకి మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులుంటాయి, మన గుండ్రటి పిన్నులు పట్టవు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

ట్రైపాడ్ బండిలో అడ్డం. ఖాళీ గుడ్డసంచి ఒకటి కుట్టించి తీసుకెళ్లండి, క్యాంపు వంటగదిలో బియ్యమో బీన్సో అడిగి నింపుకుంటే లెన్సు దాని మీద కదలకుండా కూర్చుంటుంది. వెళ్లేటప్పుడు వాటిని తిరిగి ఇచ్చేయండి. 15 కిలోల లెక్కలో మీ లెన్సులు కూడా వస్తాయి. సరిపోకపోతే విమానంలో ఇంకో సీటు కొనుక్కోవచ్చు, బుక్ చేసేటప్పుడే చెప్పాలి. దుమ్ము బాగా లేస్తుంది కాబట్టి తిరిగే బండిలో లెన్సులు మార్చొద్దు.

*

ప్ర: మా పాపకి 5 ఏళ్లు. తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

జ: మీకు నచ్చిన క్యాంపు ఆ వయసు పిల్లల్ని ఒప్పుకుంటుందో లేదో ముందు అడగండి. కంచె లేని క్యాంపులు చాలా వరకు వయసు పరిమితి పెడతాయి, అది పాప మంచికే. పిల్లల్ని తీసుకోవడానికి ఇష్టపడే క్యాంపులూ ఉన్నాయి. వాటిలో రెండు గదులు కలిపిన కుటుంబ టెంటు ఉంటుంది, పిల్లలకి పెందలాడే అన్నం పెడతారు, విడిగా బండి ఇస్తారు. పాపని వేరే టెంటులో పడుకోబెట్టే ఏర్పాటు ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. నాలుగు గంటల సఫారీలో అయిదేళ్ల పాప కూర్చోలేదు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలు. అడవిలో కాలినడక, వేడిగాలి బెలూను ఆ వయసుకి ఉండవు. నన్నడిగితే ఇంకో మూడేళ్లు ఆగమంటాను. ఎనిమిదేళ్లకి పాపే బైనాక్యులర్ పట్టుకుని మీకు జిరాఫీ చూపిస్తుంది.

*

ప్ర: కెన్యా మా స్తోమతకి మించిన పని. తాడోబా, కాన్హా పులుల అభయారణ్యాల పక్కన టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. ఈ జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జ: తాడోబా మీ ఇంటి పక్కనే కదా, తప్పక వెళ్లండి. దుస్తుల రంగులు, టెంటులో తిండి ఉంచకపోవడం, ముందే ఉత్తరం రాయడం అన్నీ వర్తిస్తాయి. తేడా పర్మిట్ల దగ్గర వస్తుంది. ముందు ప్రభుత్వ సైటులో సఫారీ పర్మిట్ దొరికించుకుని, తర్వాత టెంటు బుక్ చేయండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, టెంటులో కూర్చుని గేటు వైపు చూస్తుంటారు. పర్మిట్ మీద రాసిన గుర్తింపు కార్డే అసలుది చేతిలో ఉండాలి. తాడోబా మంగళవారం మూత, కాన్హాలో బుధవారం మధ్యాహ్నం సఫారీ లేదు. వానాకాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, అడవి లోపలి కోర్ ప్రాంతం మూసేస్తారు. డిసెంబరు, జనవరిల్లో కాన్హా తెల్లవారుజాము చలి మారా కంటే ఘోరం. చేతి తొడుగులు లేకుండా ఓపెన్ జిప్సీ ఎక్కకండి.

*

ప్ర: మసాయి ప్రజలు పశువులు కాచుకునే నేల మీద లక్షలు పోసి విలాసంగా ఉండటం నాకు మనసొప్పడం లేదు. ఆ డబ్బులో వాళ్లకేమైనా వెళుతుందా? మా పిల్లలు వెళ్దామని పట్టుబడుతున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జ: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నేను నమ్ముతాను.

మారాలో రెండు రకాల నేలలున్నాయి. ఒకటి ప్రభుత్వ రిజర్వు. 1961లో అభయారణ్యంగా మొదలై 1974లో నేషనల్ రిజర్వు అయింది, విస్తీర్ణం 1510 చదరపు కిలోమీటర్లు. అక్కడ ప్రవేశ రుసుము నరోక్ కౌంటీ ప్రభుత్వానికి వెళుతుంది. విదేశీయులకి రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. నది దాటే చోట్లు ఇందులోనే ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో బండ్లు కిక్కిరిసి ఉంటాయి.

రెండోది రిజర్వు చుట్టూ ఉన్న కన్జర్వెన్సీలు. ఆ నేల మసాయి కుటుంబాల పేరున పట్టాలుగా పంపకమైంది. విడివిడిగా కంచెలు వేసుకుంటే జంతువులకి దారి పోతుంది, పశువులకి మేత తగ్గుతుంది. అందుకని 2005 నుంచి నబోయిషో, ఓల్ కిన్యెయి, ఒలారె మొతొరోగి, మారా నార్త్ లాంటి చోట్ల ఆ కుటుంబాలు తమ నేలని కలిపి క్యాంపులకి కౌలుకి ఇచ్చాయి. నేల ఉన్న ప్రతి కుటుంబానికీ నేరుగా డబ్బు అందుతుంది. ఎన్ని టెంట్లు వేయాలో, ఒక సింహం దగ్గర ఎన్ని బండ్లు ఆగాలో అక్కడ హద్దులు పెట్టుకున్నారు. మేత కొరవడిన రోజుల్లో వాళ్ల పశువులు కూడా నిర్ణీత పద్ధతిలో లోపల మేస్తాయి. రిజర్వులో కుదరని రాత్రి సఫారీ, గైడుతో కాలినడక కన్జర్వెన్సీల్లో ఉంటాయి. 2020లో కోవిడ్ వల్ల విదేశీయుల రాక ఆగిపోయినప్పుడు కౌలు కట్టడం కష్టమై ఆ కుటుంబాలు చాలా ఇబ్బంది పడ్డాయి. మీరు వెళ్లడం వాళ్లకి ఎంత అవసరమో దాన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి ఏజెంటుని మూడు అడగండి. క్యాంపు ఏ కన్జర్వెన్సీలో ఉంది? నేల కౌలు ఎవరికి, ఎలా కడతారు? గైడ్లలో, మేనేజర్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎంతమంది? సూటిగా జవాబు చెప్పలేని క్యాంపుని వదిలేయండి, అందంగా ఉందని మొగ్గకండి. లగ్జరీ అనే మాట కింద ఎక్కువ డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ డబ్బు దారి చెప్పడం వాళ్ల బాధ్యత.

అక్కడ ఊరు చూడ్డానికి వెళితే ఫొటోకి ముందు అడగండి. పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు పంచకండి. బడి మానేసి బండ్ల వెంట పరిగెత్తడం అలాగే మొదలవుతుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే క్యాంపు ద్వారా బడికి ఏం కావాలో కనుక్కుని అదే ఇవ్వండి. టీచరుగా మీకు నేను చెప్పేదేముంది, అక్కడి బడిలో ఒక గంట కూర్చోవడానికి అనుమతి అడగండి. మీ పిల్లలు సింహాన్ని చూసినంత శ్రద్ధగా ఆ తరగతిగదినీ చూస్తారు. పూసల దండలు కొనేటప్పుడు చేసిన ఆడవాళ్ల చేతికే డబ్బు ఇవ్వండి, మరీ గీచి బేరమాడకండి.

*

ప్ర: వీసా, డబ్బు, టిప్పుల సంగతి కొంచెం చెప్పండి.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా తీసేసి ఈటీఏ అనే ముందస్తు అనుమతి పెట్టారు. ఆన్‌లైన్‌లో సుమారు 30 డాలర్లతో అయిపోతుంది. కెన్యా ప్రభుత్వ సైటులోనే దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే కనిపించి రెట్టింపు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. పసిపిల్లలకి కూడా విడిగా తీసుకోవాలి.

క్యాంపులో తిండి, సఫారీలు సాధారణంగా ముందు కట్టిన డబ్బులోనే ఉంటాయి. చేతిఖర్చుకి డాలర్లు చిన్న నోట్లలో తీసుకెళ్లండి, 5లు, 10లు ఎక్కువగా. పాతవి, చిరిగినవి, గీతలు పడ్డవి అక్కడ తీసుకోరు. ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కొక్క నోటూ చూసుకోండి.

టిప్పు బలవంతం కాదు గానీ ఇవ్వడం రివాజు. గైడుకి మనిషికి రోజుకి 10 నుంచి 15 డాలర్ల దాకా ఇస్తారు. అది ఆఖరి రోజున అతని చేతికే ఇవ్వాలి. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, రాత్రి కాపలావాళ్లు మీకు ఎక్కువగా కనిపించరు కాబట్టి వాళ్లందరికీ కలిపి ఆఫీసులో ఒక పెట్టె ఉంటుంది. అందులో కూడా దాదాపు అంతే వేయండి. చారు పెట్టిన వంటవాణ్ణి మాత్రం పిలిపించి, పేరు అడిగి, బాగుందని ఎదురుగా చెప్పండి. నేను బుకింగ్ ఆఫీసులో ఉండగా క్యాంపు నుంచి వచ్చే కబుర్లలో, ఏ అతిథులు అలా వంటగది దాకా వెళ్లి చెప్పారో అన్నదే ముందు వచ్చేది.